స్కేట్‌బోర్డు నుంచి బ్యాటరీ స్కూటర్ దాకా: బరంపురం, పర్లాకిమిడి, జయపురం వీధుల్లో ఏది ఎక్కడ నడపవచ్చు?

ఒడిశాలోని బరంపురంలో ఏ సైకిళ్ల దుకాణానికో వెళ్లి, పిల్లవాడి కోసం నిలబడి నడిపే బ్యాటరీ స్కూటర్‌ను బేరమాడుతూ “దీన్ని రోడ్డు మీద నడపవచ్చా?” అని అడిగితే, సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: “దీనికి లైసెన్సు అక్కర్లేదు బాబూ, నిశ్చింతగా తీసుకెళ్లండి.” ఆ మాట కొన్ని వస్తువుల విషయంలో నిజమే. మరికొన్నిటి విషయంలో షరతులకు లోబడిన నిజం. ఇంకొన్నిటి విషయంలో పూర్తిగా తప్పు. తప్పయిన చోట చలానా కట్టవలసింది దుకాణదారు కాదు, కొన్నవారు. నడిపినది మైనరు అయితే ఆ పిల్లవాడి తల్లిదండ్రులు.

ఈ నియమాలన్నీ ఒకే పుస్తకంలో దొరకవు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత, వీటికి తోడు స్థానిక అధికారులు సమయానుసారం ఇచ్చే ఆదేశాలు, అన్నీ కలిపి చదువుకుంటేనే విషయం తేలుతుంది. స్కేట్‌బోర్డు, హోవర్‌బోర్డు (రెండు పక్కలా చెరొక చక్రం ఉండి, నిలబడి ఒంటిని వంచుతూ నడిపే బ్యాటరీ పలక) అన్న పేర్లతో మోటారు వాహనాల చట్టంలో విడి అధ్యాయమేదీ లేదు. కాబట్టి మీ చేతిలో ఉన్న వస్తువు పేరు ఏమిటన్నది కాక, దానికి మోటారు ఉందా, ఉంటే దాని శక్తి ఎంత, దానికి పరీక్షా సంస్థ ధ్రువపత్రం ఉందా అన్న మూడు ప్రశ్నలు వేసుకోవాలి. తక్కినదంతా ఆ మూడింటి జవాబులను బట్టే ఉంటుంది.

మొదట మీ బండి ఏ కోవకు చెందుతుందో తేల్చుకోండి

కాలితో తన్నుకుంటూ వెళ్లే స్కేట్‌బోర్డు, కాళ్లకు కట్టుకునే రోలర్ స్కేట్లు, వరుస చక్రాల ఇన్‌లైన్ స్కేట్లు, పిల్లలు ఒంటికాలితో తోసుకునే స్కూటర్, ఇవన్నీ మోటారు లేనివి. వీటికి లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు ఏవీ వర్తించవు. అంతమాత్రాన ఎక్కడైనా నడుపుకోవచ్చని కాదు, ఆ సంగతి తరువాత చెబుతాను.

మోటారు ఉన్నవాటికి వచ్చేసరికి లెక్క మారుతుంది. చట్టంలోని 2వ సెక్షన్ 28వ క్లాజు ప్రకారం, రోడ్డు మీద వాడేందుకు అనువుగా తయారై యాంత్రిక శక్తితో నడిచే ప్రతి వాహనమూ మోటారు వాహనమే. ఆ శక్తి పెట్రోలుదా, బ్యాటరీదా అన్న తేడా అక్కడ లేదు. నాలుగు కంటే తక్కువ చక్రాలుండి ఇంజను 25 సీసీ మించనివాటికి అక్కడ మినహాయింపు ఉంది గాని, సీసీ అన్న కొలత ఇంజనుకు సంబంధించినది. బ్యాటరీ బండ్లకు మినహాయింపు వెతకవలసిన చోటు వేరు.

ఆ చోటు 1989 నియమావళిలోని 2వ నియమం, (యు) క్లాజు. మోటారు ముప్పై నిమిషాల శక్తి 0.25 కిలోవాట్ కంటే, అంటే 250 వాట్ల కంటే తక్కువగానూ, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కంటే తక్కువగానూ ఉన్న బ్యాటరీ వాహనాన్ని, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ పరీక్షించి ధ్రువీకరిస్తే, దాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. పెడల్ తొక్కుతుంటే మోటారు సాయపడే సైకిళ్లకూ ఇదే శక్తి పరిమితి. అయితే వేగం 25కు చేరేసరికి గాని, తొక్కడం ఆపగానే గాని మోటారు సాయం ఆగిపోవాలి. తగిన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి.

ఈ నియమంలో ఎక్కువమంది గమనించకుండా దాటిపోయే భాగం ధ్రువీకరణ. 250 వాట్లకు తక్కువని డబ్బా మీద అచ్చువేసినంత మాత్రాన మినహాయింపు రాదు. నియమావళిలోని 126వ నియమం కింద గుర్తించిన సంస్థ, ఉదాహరణకు పుణేలోని ఏఆర్ఏఐ గాని మానేసర్‌లోని ఐక్యాట్ గాని, ఆ మోడల్‌ను పరీక్షించి పత్రం ఇచ్చి ఉండాలి. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చే దిగుమతి బండ్లు కొనేటప్పుడు మొట్టమొదట అడగవలసినది ఈ పత్రాన్నే.

దుకాణంలో ఏమి చూడాలి

ధర మాట్లాడక ముందే ధ్రువపత్రం నకలు చూపించమనండి. అందులో రాసిన మోడల్ పేరు, వేరియంట్, మీకు అమ్ముతున్న బండి చట్రం మీది పలకపై ఉన్న పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఒకే పేరుతో రెండు మూడు వేరియంట్లు అమ్మడం మామూలే. వాటిలో ఒకదానికి పత్రం ఉన్నంత మాత్రాన రెండోదానికీ ఉన్నట్టు కాదు. ఆ నకలును ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. బిల్లు మీద కూడా అదే మోడల్ పేరు రాయించండి. వట్టి “బ్యాటరీ స్కూటర్” అని రాసిన బిల్లు రేపు పోలీసు ఆపినప్పుడు మీకు ఎందుకూ పనికిరాదు.

తరువాత మోటారును చూడండి. మోటారు మీదా, ఛార్జరు మీదా, డబ్బా మీదా వేర్వేరు వాట్లు రాసి ఉండడం కద్దు. నియమం చెప్పేది ముప్పై నిమిషాల పాటు ఆగకుండా ఇవ్వగలిగిన శక్తి. ఎత్తు ఎక్కేటప్పుడు కొన్ని క్షణాలు ఇచ్చే గరిష్ఠ శక్తి దానికంటే చాలా ఎక్కువగా ఉండవచ్చు. అమ్మేవారు లైసెన్సు మాట వచ్చినప్పుడు చిన్న అంకెనూ, ఊరించవలసినప్పుడు పెద్ద అంకెనూ చెబుతారు. పత్రంలో ఉన్న అంకె ఒక్కటే లెక్క.

ఇంకొక మాట అతి ముఖ్యం. “బండి ఇప్పుడు 25లో లాక్ అయి ఉంది, కావాలంటే ఒక వైరు తీసేస్తే నలభై వెళుతుంది” అని దుకాణంలోనే చెబితే, ఆ బండి కొనకపోవడమే మేలు. లాక్ తీసిన మరుక్షణం ఆ బండి మినహాయింపు పరిధి దాటి పూర్తిస్థాయి మోటారు వాహనం అవుతుంది. అది కూడా రిజిస్ట్రేషను లేని, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం. లైసెన్సు లేకుండా నడిపినందుకు 181వ సెక్షన్ కింద 5,000 రూపాయలు, రిజిస్ట్రేషను లేనందుకు 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 రూపాయల వరకు, ఇన్సూరెన్సు లేనందుకు 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయలు లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, ఇలా ఒకే ఒక్క వైరు మీద వరుసగా పేరుకుంటాయి. అక్కడికక్కడే రాజీ రుసుము కట్టి ముగించుకునే నేరాలకు ఆ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు వేర్వేరుగా ప్రకటించుకునే వీలుంది కాబట్టి, ఒడిశాలో కట్టేదీ ఆంధ్రలో కట్టేదీ ఒకటే అయి ఉండాలని లేదు.

హోవర్‌బోర్డు, బ్యాటరీ స్కేట్‌బోర్డు, ఒంటిచక్రం బండి

వీటితోనే చిక్కంతా. మోటారు ఉంది కనుక వట్టి స్కేట్‌బోర్డు కింద లెక్కకు రావు. పరీక్షా సంస్థ పత్రం లేకపోతే మినహాయింపు వర్తించదు. పోనీ రిజిస్ట్రేషను చేయిద్దామంటే, నంబరు పలకకు గాని, హెడ్‌లైటుకు గాని చోటే లేని వస్తువును రవాణా కార్యాలయం ముందు పెట్టి ప్రయోజనం ఉండదు. పత్రం లేని ఈ వస్తువులను ప్రభుత్వ రోడ్డు మీదికి తేకూడదనే నా అభిప్రాయం. ఇంటి ఆవరణ, అపార్ట్‌మెంటు లోపలి దారి, యజమాని అనుమతి ఇచ్చిన మైదానం, ఇండోర్ హాలు, ఇవే వాటికి తగిన చోట్లు. అపార్ట్‌మెంటులో కూడా సంఘం అనుమతి కాగితం మీద తీసుకోండి. మాట మీద ఇచ్చిన అనుమతి, కింది అంతస్తు పెద్దావిడ ఒకసారి జారిపడేదాకానే నిలుస్తుంది.

పిల్లల చేతికి ఇచ్చేముందు

మోటారు వాహనం అనదగ్గ బండిని మైనరు నడిపి నేరం చేస్తే, 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ సంరక్షకుడినో వాహన యజమానినో దోషిగా భావిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. నడిపిన పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు పొందే అర్హత ఉండదు. “నాకు తెలియకుండా తీసుకెళ్లాడు” అనడం చాలదు. తెలియలేదనో, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో సంరక్షకుడే నిరూపించుకోవాలి. కాబట్టి తాళం చెవి ఎవరికీ అందని చోట ఉంచడం మొదటి జాగ్రత్త.

ట్యూషనుకు వెళ్లే పిల్లలకు నెమ్మదిగా వెళ్లే బండి కదా అని కొనిచ్చేవారు, అది నిజంగా మినహాయింపు ఉన్న బండేనా అని పత్రం చూసుకున్నాకే ఇవ్వాలి. మినహాయింపు ఉన్న బండికైనా ఒక లోటు ఉంది. దానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండదు. దారిన పోయే మనిషికి తగిలి కాలు విరిగితే నష్టపరిహారం మీ జేబులోంచే పోతుంది.

పద్నాలుగేళ్లలోపు పిల్లల కోసం ఆటబొమ్మగా అమ్మే తోపుడు స్కూటర్ల వంటివాటి మీద ఐఎస్‌ఐ ముద్ర ఉందో లేదో కూడా చూడండి. బొమ్మలకు ఆ ముద్ర 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి.

మోటారు లేనివాటికి ఏ చోటు తగినది

స్కేట్లకు లైసెన్సు లేదన్నంత మాత్రాన వాటికి చట్టమే లేదనుకోకూడదు. మోటారు లేని వాహనాలు, పాదచారులు రోడ్లు, హైవేల వంటి బహిరంగ స్థలాలను ఎలా వాడాలో నియమాలు చేసే అధికారాన్ని 2019 సవరణ 138వ సెక్షన్ ద్వారా రాష్ట్రాలకు ఇచ్చింది. జాతీయ రహదారుల విషయంలో మాత్రం రహదారుల సంస్థను సంప్రదించి చేయాలి. అదీగాక, బహిరంగ మార్గంలో మనుషుల ప్రాణానికి ముప్పు కలిగేంత దుడుకుగా వాహనం నడపడం న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దారికి అడ్డంకి కల్పిస్తే 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. రోడ్డు మధ్య చెక్కబల్ల వాలుగా నిలబెట్టి దూకడం సాధన చేసేవారు ఈ రెండో సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి.

ఫుట్‌పాత్ నడిచేవారిది. వాహనాలు ఫుట్‌పాత్ మీదికి గాని, సైకిల్ దారిలోకి గాని ఎక్కరాదని 2017 డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. బ్యాటరీ బండి విషయంలో ఇందులో సందేహానికి తావులేదు. స్కేట్లు కట్టుకున్న పిల్లవాడు ఫుట్‌పాత్ మీద వెళ్లవలసి వస్తే నడక వేగం మించకూడదు, ఎదురుగా మనిషి వస్తే ఆగి పక్కకు తప్పుకోవాలి. మన ఊళ్లలో ఈ సలహాకు ఉన్న పరిమితి కూడా చెప్పుకోవాలి. బరంపురం పెద్ద బజారు వంటి చోట్ల ఫుట్‌పాత్ మీద సరుకులు, మోటార్ సైకిళ్లు, కాలువ మీద కప్పిన సిమెంటు పలకల మధ్య వేలెడు సందులు ఉంటాయి. స్కేట్‌బోర్డు ముందు చక్రం ఆ సందులో దిగబడితే బోర్డు అక్కడే ఆగుతుంది, దాని మీది మనిషి ఆగడు. అటువంటి చోట బోర్డు చంకన పెట్టుకుని నడవడమే సరైన పద్ధతి.

గోపాల్‌పూర్ సముద్రతీరం దారి సాయంత్రం పూట స్కేట్లకు ఆశ పుట్టిస్తుంది గాని, శని ఆదివారాల్లో అక్కడి జనంలో అది తగదు. తెల్లవారుజామున వెళ్లండి. ఇంటికి రాగానే చక్రాలు విప్పి, బేరింగుల్లో చేరిన ఇసుకను పొడి బ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో తుడిచి ఒక్క చుక్క నూనె వేయాలి. ఇసుక ఉన్నప్పుడు చక్రాన్ని వేలితో తిప్పితే సన్నని గరగర వినిపిస్తుంది, చక్రం రెండు చుట్లు తిరగకుండానే ఆగిపోతుంది. ఆ చక్రంతో వాలులో దిగితే ఒక పక్కకు లాగేస్తుంది. ఉప్పుగాలికి తుప్పు కూడా త్వరగా పడుతుంది.

జాతీయ రహదారుల జోలికి వద్దు. బరంపురం పక్కగా పోయే 16వ నంబరు రహదారి మీద లారీల వేగానికి, ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి పొత్తు కుదరదు. సాలూరు నుంచి పొట్టంగి మీదుగా కొరాపుట్ ఎక్కే 26వ నంబరు ఘాట్ రోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. అయితే కొరాపుట్, సెమిలిగుడ వైపు ఊళ్లలో వీధులే వాలుగా ఉంటాయి కాబట్టి బ్యాటరీ బండ్లవారు ఒక విషయం తెలుసుకోవాలి. కొన్ని బండ్లలో బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి ఆ శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ శక్తి పోవడానికి చోటు ఉండదు, దాంతో ఆ రకం బ్రేకు బలహీనపడవచ్చు, కొన్ని బోర్డుల్లో పూర్తిగా ఆగిపోవచ్చు. గుట్ట మీద ఇల్లున్నవారు రాత్రంతా నిండుగా ఛార్జి చేసి ఉదయమే వాలు దిగడం అందుకే ప్రమాదం. కొంచెం తక్కువ ఛార్జితో దిగండి. చేతి బ్రేకు లేని బోర్డు అయితే అసలు దిగకండి.

పండుగల వేళ, తాత్కాలిక ఆదేశాలు

ప్రజల భద్రత కోసం ఒక ప్రాంతంలో గాని దారిలో గాని వాహనాలను నిషేధించే అధికారం చట్టంలోని 115వ సెక్షన్ ఇస్తుంది. ఒక నెల మించని నిషేధానికి గెజెటు ప్రకటన అక్కర్లేదు, స్థానికంగా తెలియజేస్తే చాలు. అంటే ఆ ఆదేశం గురించి మైకు ప్రకటనలోనో, కూడలి వద్ద కట్టిన బోర్డు మీదనో మాత్రమే మీకు తెలియవచ్చు. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రమాసంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో ఈ విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఆ జాతరను నెత్తికెత్తుకున్న మన దేరా నేతవారి వీధుల్లో రాత్రంతా ఘటాలు తిరుగుతుంటాయి, జనం రోడ్డు నిండా ఉంటారు. నిషేధం ఉన్నా లేకున్నా, అటువంటి రాత్రి చక్రాలు బయటకు తీయకపోవడమే మర్యాద. బోర్డులు ఎక్కువగా ఒడియాలో ఉంటాయి కనుక, ఒడియా చదవరాని పెద్దలు బడికెళ్లే పిల్లలతో చదివించుకోవడం మంచిది.

ఆంధ్రలో కొని ఒడిశాలో నడిపేవారికి

మినహాయింపు నియమం కేంద్రానిది. ధ్రువపత్రం ఉన్న బండి ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చినా దాని హోదా మారదు. రిజిస్ట్రేషను అవసరమైన బండి అయితే, మీ నివాసం ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రంలోనే చేయించాలి. ఆంధ్రలో కొన్న రోజే తాత్కాలిక రిజిస్ట్రేషను తీసుకుని, గడువులోగా ఒడిశాలో శాశ్వత రిజిస్ట్రేషనుకు దరఖాస్తు చేయండి. నివాసానికి రుజువుగా ఆధార్‌లో బరంపురం చిరునామా ఉంటే పని సులువు. ఇదివరకే ఏపీ నంబరు ఉన్న బండిని పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచితే, 47వ సెక్షన్ ప్రకారం ఒడిశా నంబరు వేయించుకోవాలి. శ్రీకాకుళంలోని అన్నయ్య పేరు మీద కొని చెల్లెలి ఇంట ఏళ్ల తరబడి నడపడం మన కుటుంబాల్లో మామూలే గాని, ఈ సెక్షన్ కింద అది తప్పు. రిజిస్టరు అయిన సొంత వాడకపు బ్యాటరీ బండికి ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలు ఉండాలి.

హెల్మెట్టు, బ్యాటరీ

మోటార్ సైకిల్ తరగతి బండ్లకు ఐఎస్‌ఐ ముద్ర ఉన్న హెల్మెట్టు తప్పనిసరి. లేకపోతే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు నిలిపివేత. స్కేట్లకు ఆ బరువైన హెల్మెట్టు సౌకర్యంగా ఉండదు. సైకిల్, స్కేటింగ్ కోసం చేసే తేలికపాటి హెల్మెట్ల మీద ఈఎన్ 1078 అన్న ప్రమాణం గుర్తు చూసి కొనండి. మోచేయి, మోకాలి తొడుగుల కంటే మణికట్టు తొడుగు ముందు కొనాలని నేను చెబుతాను, ఎందుకంటే పడేవాడు మొదట చేయే ఆనిస్తాడు.

బ్యాటరీని బండితో వచ్చిన ఛార్జరుతోనే ఛార్జి చేయాలి. అందరూ నిద్రపోయాక చేయకూడదు, బయటికి వెళ్లే ఒకే ఒక్క గుమ్మం దగ్గర అసలే చేయకూడదు. 2016లో అమెరికాలో అయిదు లక్షలకు పైగా హోవర్‌బోర్డులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది లిథియం బ్యాటరీలు వేడెక్కి మంటలు లేచినందుకే. వాననీటిలో మునిగిన బ్యాటరీని ఆరబెట్టి మళ్లీ ఛార్జికి పెట్టవద్దు. పాతదాన్ని చెత్తలో వేయకుండా అమ్మినవారికే ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని సేకరించే బాధ్యత తయారీదారులది.

ఎవరికైనా తగిలితే

మోటారు వాహనమైతే గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, దగ్గరి పోలీసు స్టేషనులో వీలైనంత త్వరగా, ఎట్లయినా ఇరవై నాలుగు గంటలలోగా తెలపడం 134వ సెక్షన్ విధించిన బాధ్యత. మోటారు లేకపోయినా అదే చేయండి. అంబులెన్సుకు 108, పోలీసులకు 112. చూసినవారు సాయపడితే కేసులో ఇరుక్కుంటామని భయపడనవసరం లేదు, 134ఎ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది.

మీ ఊరి నియమం రాతపూర్వకంగా తెలుసుకోవడం

పార్కు కాపలాదారు ఒకరోజు వద్దని, మరోరోజు ఊరుకుంటే ఏది నియమమో తేలదు. బరంపురంలో నగరపాలక సంస్థకు, తక్కిన పట్టణాల్లో పురపాలక సంఘానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో ఫారం-ఎ నింపి పది రూపాయల రుసుము కట్టాలి. దరఖాస్తు ఒడియాలో గాని, హిందీలో గాని, ఇంగ్లీషులో గాని ఉండవచ్చు. తెలుగుకు ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ప్రశ్నలు నిర్దిష్టంగా వేయాలి. ఫలానా పార్కులో స్కేటింగుకు అనుమతి ఉందా, ఉంటే ఏ వేళల్లో. ఫలానా రోడ్డు మీద బ్యాటరీ బండ్లను నిషేధిస్తూ అమలులో ఉన్న ఆదేశం ఉందా, ఉంటే దాని నకలు ఇవ్వండి, అని అడగండి. “స్కేటింగు నియమాలు తెలపండి” అని వదిలేస్తే వచ్చే జవాబు కూడా అంతే వదులుగా ఉంటుంది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. వచ్చిన జవాబు అసలు ప్రతిని ఇంట్లో ఉంచి, నకలును పార్కుకు వెళ్లే పిల్లల సంచిలో పెట్టండి.